కంట్రోల్ థియరీ ప్రొఫెసర్: ఊరినిండా లూపులు, చేతినిండా పేపర్లు

మద్దిలపాలెంలో బస్సెక్కి గాజువాక మీదుగా కూర్మన్నపాలెం దాకా వెళ్తే, దారిలో కనిపించేవీ, కనిపించకుండా గోడల వెనక ఉండేవీ సగం కంట్రోల్ సిస్టమ్సే, కాకపోతే అలా అని ఎవరూ అనుకోరు. మల్కాపురం వైపు రిఫైనరీ, పోర్టు, షిప్‌యార్డు, గాజువాకలో కరెంటు గ్రిడ్లని కలిపే హెచ్‌వీడీసీ స్టేషన్, చివర్న స్టీల్ ప్లాంటు. వీటన్నిట్లో రాత్రీ పగలూ జరిగే పని ఒకటే: ఏదో ఒకటి కొలవడం, ఉండాల్సినంత ఉందో లేదో చూసుకోవడం, తేడా వస్తే వాల్వునో మోటారునో కాస్త అటో ఇటో తిప్పడం, మళ్లీ కొలవడం. ఈ తిరుగుడుకే లూప్ అని పేరు. ఆ లూప్ ఎప్పుడు నిలకడగా ఉంటుంది, ఎప్పుడు ఊగుతుంది, ఎప్పుడు చెయ్యి దాటిపోతుంది అని ముందే లెక్క కట్టి చెప్పే చదువు కంట్రోల్ థియరీ.

ఆ చదువు చెప్పే ప్రొఫెసర్ మాత్రం బస్సు బయల్దేరే వైపు ఉంటారు, ఆంధ్రా యూనివర్సిటీలోనో, రుషికొండ మధురవాడల్లో ఏదో ఒక కాలేజీలోనో. ముప్ఫై ఏళ్ల సర్వీసులో ఆ బస్సు ఎన్నిసార్లు ఎక్కుతారు అని అడిగితే, చాలామంది విషయంలో నిజాయితీ గల జవాబు: ఇండస్ట్రియల్ విజిట్‌కి పిల్లల్ని తీసుకెళ్లినప్పుడు. దీన్ని బద్ధకం అని తీసిపారేయడం తేలిక. అసలు సంగతి వేరే. ఈ ఉద్యోగంలో ఏది చేస్తే ముందుకెళ్తారో ఆ లెక్కలన్నీ ప్రొఫెసర్ని బస్సు ఎక్కనివ్వకుండానే తయారయ్యాయి. అలా ఎందుకు అయ్యాయో చూడాలంటే కాస్త వెనక్కి వెళ్లాలి.

ఈ సబ్జెక్టు క్లాసురూములో పుట్టలేదు. 1788 ప్రాంతంలో జేమ్స్ వాట్ స్టీమ్ ఇంజన్‌కి గవర్నర్ తగిలించాడు, ఇంజన్ వేగం పెరిగితే రెండు గుండ్లు పైకి లేచి ఆవిరి తగ్గిస్తాయి. కొన్ని గవర్నర్లు బుద్ధిగా పనిచేసేవి, కొన్ని ఇంజన్ని ఊపి ఊపి వదిలేవి. ఎందుకలా అని మ్యాక్స్‌వెల్ 1868లో లెక్క రాశాడు, ఆ తరవాత రౌత్ వచ్చాడు, లూప్ నిలకడగా ఉంటుందో లేదో తేల్చడానికి ఇవాళ సెకండియర్ పిల్లలు తిట్టుకుంటూ వేసే రౌత్ టేబుల్ అక్కడిదే. అయితే విశాఖలో కూర్చుని ఈ కథ చెప్పాలంటే వాట్ కన్నా మినోర్‌స్కీ దగ్గర మొదలుపెట్టడం న్యాయం, ఎందుకంటే ఆయన చూసింది ఓడల్ని.

నికొలాస్ మినోర్‌స్కీ రష్యన్ నేవీలో పనిచేసి అమెరికా వెళ్లిన ఇంజనీరు. ఓడని మనిషి లేకుండా దానంతట అది తిన్నగా పోయేలా చెయ్యాలన్నది పని. ఆయన లెక్కలతో మొదలుపెట్టలేదు, చుక్కాని దగ్గర నిలబడ్డ మనిషి ఏం చేస్తున్నాడో చూశాడు. ఓడ ముక్కు ఐదు డిగ్రీలు ఎడమకి పోయిందనుకుందాం. కొత్తవాడైతే ఆ ఐదు డిగ్రీలకి తగ్గట్టు చుక్కాని కుడికి తిప్పి, ముక్కు సరైన దిక్కుకి వచ్చేదాకా అలాగే పట్టుకుంటాడు, అంత పెద్ద ఓడ అక్కడ ఆగదు కదా, దాటి కుడికి పోతుంది, మళ్లీ ఎడమకి తిప్పుతాడు, వెనక నీళ్ల మీద పాము మెలికల గీత మిగులుతుంది. చెయ్యి తిరిగినవాడు మూడు విషయాలు ఒకేసారి చూస్తాడు. ఇప్పుడు ఎంత తేడా ఉంది అన్నది ఒకటి. ముక్కు ఎంత వేగంగా తిరుగుతోంది అన్నది రెండోది, అందుకే సరైన దిక్కు ఇంకా రాకముందే చుక్కాని వెనక్కి తెచ్చేస్తాడు. మూడోది, ఇందాకట్నుంచి ఎంతసేపు ఒకేవైపు జరిగిపోతోంది అన్నది. పక్కనుంచి ప్రవాహమో గాలో నెడుతుంటే ఎంత సరిదిద్దినా కొంచెం తేడా మిగిలిపోతుంది, అప్పుడు చుక్కానిని కాస్త ఒకవైపే ఉంచెయ్యాలి. ఇప్పటి తేడా, పేరుకున్న తేడా, మారే వేగం. 1922లో ఆయన రాసిన పేపరు సారం ఇంతే, దానికే తరవాత పీఐడీ (ప్రొపోర్షనల్, ఇంటిగ్రల్, డెరివేటివ్) అని పేరొచ్చింది. న్యూ మెక్సికో అనే యుద్ధనౌక మీద పెట్టి చూస్తే బాగానే నడిచింది, ఓడ సిబ్బందికి మాత్రం నచ్చలేదు, నేవీ అప్పటికి పక్కన పెట్టేసింది. పనిచేసే చోట మనుషులకి నచ్చకపోతే మంచి కంట్రోలర్ కూడా అటకెక్కుతుందన్న సంగతి ఈ సబ్జెక్టుకి పుట్టుకతోనే తెలుసన్నమాట.

ఆ పీఐడీలో మూడు అంకెలు ఎంతెంత పెట్టాలో 1942లో జీగ్లర్, నికోల్స్ ఒక మోటు పద్ధతి చెప్పారు. వాళ్లు ఇన్‌స్ట్రుమెంట్లు తయారుచేసే కంపెనీ మనుషులు. టెలిఫోన్ ఆంప్లిఫయర్లలో నెగటివ్ ఫీడ్‌బ్యాక్ (బయటికొచ్చినదాంట్లో కొంత వెనక్కి పంపి తేడా తగ్గించుకోవడం) కనిపెట్టిన బెల్ ల్యాబ్స్ ఇంజనీరు బ్లాక్ 1927లో ఆఫీసుకి వెళ్తూ ఫెర్రీలో ఆలోచన తట్టి చేతిలో ఉన్న న్యూస్‌పేపర్ మీదే లెక్క వేసుకున్నాడు. నైక్విస్ట్, బోడ్ ఇద్దరూ అదే బెల్ ల్యాబ్స్ వాళ్లు. అంటే సిలబస్‌లో ఇవాళ ఎవరెవరి పేర్లు యూనిట్ హెడ్డింగులుగా ఉన్నాయో వాళ్లలో చాలామంది జీతం తీసుకుని ఫలానా మెషీన్ ఎందుకు ఊగుతోందో చూసిపెట్టిన ఇంజనీర్లు.

1960కి వచ్చేసరికి గాలి మారింది. ఆ ఏడాదే మాస్కోలో కంట్రోల్ వాళ్ల మొదటి ప్రపంచ మహాసభ జరిగింది, కాల్మన్ తన ఫిల్టర్ (గజిబిజి కొలతల్లోంచి అసలు స్థితిని అంచనా వేసే లెక్క) పేపరూ ఆ ఏడాదే వేశాడు. స్టేట్ స్పేస్, మ్యాట్రిక్సులు, ఆప్టిమల్ కంట్రోల్ వచ్చాయి, రాకెట్లకి అవి బ్రహ్మాండంగా పనికొచ్చాయి, అపోలో ప్రయాణాల్లో కాల్మన్ ఫిల్టరే దారి చూపింది. కానీ దాంతో సబ్జెక్టు ఫ్యాక్టరీ గేటు వదిలి మ్యాథ్స్ డిపార్ట్‌మెంట్ గుమ్మం దగ్గరికి చేరింది. కంట్రోల్ థియరీ ప్రొఫెసర్ అనే ప్రత్యేకమైన వృత్తి నిజంగా తయారైంది ఇక్కడే: మెషీన్ ముట్టుకోకుండా, నిరూపణలు రాస్తూ జీవితాంతం బతకగలిగే ఇంజనీరు. ఇందులో తప్పేమీ లేదు, మంచి నిరూపణ ఒకటి వందల మెషీన్లని కాపాడుతుంది. 1978లో జాన్ డోయల్ రాసిన రెండు పేజీల పేపరు ఉంది, ఎల్‌క్యూజీ అనే అందమైన డిజైన్ పద్ధతికి నిలకడ విషయంలో గ్యారంటీలు ఏమున్నాయి అన్నది ప్రశ్న, దాని సారాంశం మొత్తం కలిపి మూడే ఇంగ్లిష్ ముక్కలు, తెలుగులో చెప్పాలంటే ‘అలాంటివేం లేవు’. ఏళ్ల తరబడి అందరూ మురిసిపోతున్న పద్ధతి మీద అంత చల్లగా నీళ్లు పోయడం థియరీ తెలిసినవాళ్లకే సాధ్యం.

ఇక క్లాసురూముకి వద్దాం. ట్రిపుల్ఈ పిల్లలకి సెకండియర్ చివర్నో థర్డియర్‌లోనో కంట్రోల్ సిస్టమ్స్ వస్తుంది, ఈసీఈ వాళ్లకీ ఉంటుంది, మెకానికల్‌లో కాస్త, కెమికల్‌లో ప్రాసెస్ కంట్రోల్ పేరుతో ఇంకో రకంగా. అన్ని బ్రాంచీల్లో ఉంది కాబట్టి ఏ బ్రాంచీదీ కాదు. దీని ప్రభావం ప్రొఫెసర్ జీవితం మీద గట్టిగానే పడుతుంది. ట్రిపుల్ఈ డిపార్ట్‌మెంట్లో పవర్ సిస్టమ్స్ వాళ్లు పదిమంది ఉంటే కంట్రోల్ వాళ్లు ఇద్దరు ఉంటారు, ల్యాబ్‌కి డబ్బు పంచుకునేటప్పుడు ఆ ఇద్దరి వాటా ఎంతో చెప్పనక్కర్లేదు.

అందుకే కంట్రోల్ ల్యాబ్ చాలా కాలేజీల్లో ఒకేలా కనిపిస్తుంది. డీసీ సర్వోమోటర్, ఏసీ సర్వోమోటర్, మ్యాగ్నటిక్ ఆంప్లిఫయర్, ఒక చిన్న ఓవెన్‌కి పీఐడీ కంట్రోలర్, మూలన సింక్రో జత. ఈ సింక్రో దగ్గర కాస్త ఆగాలి. రెండు చిన్న మోటార్ల లాంటివి, మధ్యలో వైర్లు తప్ప ఏమీ లేదు. ఇటు ట్రాన్స్‌మిటర్ డయల్‌ని చేత్తో ముప్ఫై డిగ్రీలకి తిప్పితే అటు రిసీవర్ ముల్లు సన్నగా వణికి ముప్ఫై దగ్గరికొచ్చి నిలబడుతుంది. రెండో ప్రపంచ యుద్ధంలో ఓడల మీద ఫిరంగులు ఎటు తిరగాలో చెప్పడానికి వాడిన సరుకే ఇది. రికార్డులో పిల్లలు ముప్ఫై, అరవై, తొంభై అని కాలమ్ వేసి, పక్కన ఎర్రర్ కాలమ్‌లో ఒకటి, రెండు, సున్నా అని నింపి, సంతకం పెట్టించుకుని వెళ్లిపోతారు. ఆర్కే బీచ్‌లో ఒడ్డుకి చేర్చిన కురుసుర జలాంతర్గామి ఉంది, 1969లో నేవీలో చేరి 2001 దాకా పనిచేసింది, 2002 నుంచి మ్యూజియం. దాని కంట్రోల్ రూములో డయల్సూ, చక్రాలూ, వాల్వులూ ఊరి పిల్లలందరూ టికెట్ కొని చూసినవే. ల్యాబ్‌లో ముల్లుకీ, బీచ్‌లో డయల్‌కీ చుట్టరికం ఉందని ఎవరైనా ఒక్క వాక్యం చెప్తే ఆ రికార్డు రాత ఇంకోలా ఉంటుంది. ఆ ఒక్క వాక్యం చెప్పినందుకు ఏ ప్రమోషన్ ఫారంలోనూ కాలమ్ లేదు, అది వేరే సంగతి.

ఫ్రీక్వెన్సీ మారేకొద్దీ లూపు ఎలా స్పందిస్తుందో చూపే బోడ్ ప్లాట్ కూడా అంతే. సెమీలాగ్ షీటు మీద స్కేలు పెట్టి డెకేడ్‌కి మైనస్ ఇరవై డీబీ అని గీత దించడం, ఫేజ్ మార్జిన్ (ఊగడం మొదలవ్వడానికి ఇంకా ఎంత దూరం ఉందో చెప్పేది) నలభై ఐదు డిగ్రీలు అని రాసి డబ్బాలో పెట్టడం, మార్కులు పడిపోతాయి. ఆ నలభై ఐదు డిగ్రీలు దేనికి పనికొస్తాయో అడిగితే చాలామంది తెల్లమొహం వేస్తారు. నిజానికి అది బాగా పనికొచ్చే అంకె. గీత సున్నా డీబీని దాటే చోట ఫ్రీక్వెన్సీ సెకనుకి 2 రేడియన్లు అనుకుంటే, 45 డిగ్రీలంటే 0.785 రేడియన్లు, రెండుతో భాగిస్తే 0.39 సెకన్లు. అంటే ఈ లూపులో ఎక్కడైనా, సెన్సర్లోనో కంప్యూటర్లోనో పైపులోనో, సుమారు నాలుగు వందల మిల్లీసెకన్ల ఆలస్యం అదనంగా వచ్చి చేరితే మొత్తం ఊగడం మొదలవుతుంది. మేడ మీద గీజర్ పెట్టుకుని కింద బాత్రూములో కుళాయి తిప్పేవాళ్లకి ఇది చెప్పక్కర్లేదు, చల్లగా ఉందని తిప్పుతారు, రాదు, ఇంకా తిప్పుతారు, ఒక్కసారి మరిగే నీళ్లు పడతాయి.

సరే, పాఠం చెప్పినంత మాత్రాన ప్రొఫెసర్ కాలేరు. ఎంటెక్‌తో అసిస్టెంట్ ప్రొఫెసర్‌గా చేరితే పీహెచ్‌డీ లేకుండా పైకి పోవడం కష్టం. ఉద్యోగంలో ఉంటూనే ఐఐటీ లాంటి చోటికి వెళ్లి చదువుకునే వీలు కోసం క్వాలిటీ ఇంప్రూవ్‌మెంట్ ప్రోగ్రాం అని 1970లోనే పెట్టారు, దాని మీద వెళ్లొచ్చినవాళ్ల పాఠాల్లో తేడా తెలుస్తుంది. అందరికీ ఆ సీటు దొరకదు. మిగిలినవాళ్లు వారానికి పదహారు పద్దెనిమిది గంటలు క్లాసులు చెప్తూ, అక్రిడిటేషన్ ఫైళ్లు మోస్తూ, ఇంట్లో రాత్రి పదింటి తరవాత ల్యాప్‌టాప్ తెరిచి చేసే పీహెచ్‌డీ ఇది. ల్యాప్‌టాప్‌లో ఏముంటుంది? మ్యాట్‌ల్యాబ్, లెక్కలూ సిమ్యులేషన్లూ చేసే సాఫ్ట్‌వేర్. కాబట్టి థీసిస్ కూడా మ్యాట్‌ల్యాబ్‌లో మొదలై మ్యాట్‌ల్యాబ్‌లోనే పూర్తవ్వాలి.

అలా పుట్టిందే ఈ రంగంలో అందరూ చాటుగా నవ్వుకునే ‘జంతువుల’ సాహిత్యం. చీమల గుంపు, పక్షుల గుంపు మోడల్‌గా తీసుకుని ఏదైనా లెక్కకి మంచి జవాబు వెతకొచ్చని 1990ల్లో వచ్చిన ఆలోచనలు నిజంగా బాగున్నవే. ఆ తరవాత కోకిల వచ్చింది 2009లో, గబ్బిలం 2010లో, బూడిద రంగు తోడేలు 2014లో, తిమింగలం 2016లో. ప్రతి జంతువుతోనూ పీఐడీలో మూడు అంకెలు మళ్లీ వెతికి, కిందటి జంతువు కన్నా సెటిలింగ్ టైమ్ (నిలకడకి వచ్చే సమయం) కొంచెం తగ్గిందని గ్రాఫ్ పెట్టి పేపరు వెయ్యొచ్చు. ఈ థీసిస్‌ల లిస్టు చూస్తే ఎండాడ దగ్గర జూలో కూడా ఇన్ని రకాలు లేవేమో అనిపిస్తుంది.

ఆ వెతుకులాటకి ఎక్కువగా దొరికిపోయే ప్రాబ్లం రెండు ఏరియాల లోడ్ ఫ్రీక్వెన్సీ కంట్రోల్. రెండు కరెంటు గ్రిడ్లు ఒక లైనుతో కలిసి ఉన్నాయి, ఒకవైపు లోడు ఒక శాతం పెరిగింది, ఫ్రీక్వెన్సీ పడిపోతుంది, జనరేటర్లు ఎలా సర్దుకోవాలి? 1970లో ఎల్గెర్డ్, ఫోషా ఈ మోడల్ని పేపర్లో పెట్టారు. ఆ అంకెలు ఇవాళ్టికీ అలాగే తిరుగుతున్నాయి, గవర్నర్‌కి 0.08 సెకన్లు, టర్బైన్‌కి 0.3, పవర్ సిస్టమ్‌కి గెయిన్ 120, టైమ్ కాన్‌స్టంట్ 20 సెకన్లు. ఇక్కడో తమాషా ఉంది. ఆ 120, ఆ 20 వచ్చింది 60 హెర్ట్జ్ గ్రిడ్ లెక్కలోంచి. మన గ్రిడ్ 50 హెర్ట్జ్. మన ఇళ్లల్లో ఫ్యాను తిరిగే గ్రిడ్ కోసం అని మొదటి చాప్టర్లో రాసి, మూడో చాప్టర్లో అమెరికా అంకెలు పెట్టుకుంటే వైవాలో అడిగేవాళ్లు తక్కువ.

ఈ మాట విశాఖలో ఇంకాస్త గుచ్చుకోవాలి. ఎందుకంటే రెండు ఏరియాల గొడవ ఇక్కడ పుస్తకంలోది కాదు, గాజువాకలో కాంపౌండ్ గోడ కట్టుకుని కూర్చుంది. చాలాకాలం దక్షిణాది గ్రిడ్ ఫ్రీక్వెన్సీ ఒకటి, ఒడిశా వైపు తూర్పు గ్రిడ్ ఫ్రీక్వెన్సీ ఇంకొకటి, రెండూ నేరుగా వైరుతో కలిపితే కొట్టుకుంటాయి. అందుకని గాజువాక హెచ్‌వీడీసీ స్టేషన్‌లో అటునుంచి వచ్చిన ఏసీని డీసీగా మార్చి, అదే ఆవరణలో మళ్లీ ఇటువైపు ఏసీగా మార్చి పంపేవారు. 500 మెగావాట్ల బ్లాకు ఒకటి 1999లో, రెండోది 2005లో వచ్చాయి. 2012 జూలై 30, 31 తేదీల్లో ఉత్తరాది, తూర్పు, ఈశాన్య గ్రిడ్లు కుప్పకూలి కోట్లమంది చీకట్లో ఉండిపోతే ఇక్కడ లైట్లు వెలుగుతూనే ఉన్నాయి, దక్షిణాది గ్రిడ్ అప్పటికి వాటితో ఏసీలో కలవలేదు కాబట్టి. 2013 డిసెంబర్ 31న రాయచూర్ షోలాపూర్ లైనుతో కలిసింది, అప్పట్నుంచి దేశమంతా ఒకే ఫ్రీక్వెన్సీ, 49.90 నుంచి 50.05 మధ్య ఉంచాలన్నది రూలు. రెండు ఏరియాలు విడిగా ఉంటే ఏమిటి, కలిస్తే ఏమిటి అని చూపించడానికి ఇంతకన్నా మంచి ప్రయోగం ప్రపంచంలో తక్కువ చోట్ల జరిగి ఉంటుంది. అది జరిగిన ఊళ్లో తోడేళ్ల గుంపుతో 60 హెర్ట్జ్ మోడల్‌కి పీఐడీ కట్టే థీసిస్ తయారవుతుంటే, తప్పు తోడేళ్లది మాత్రం కాదు.

మరి ఎవరిది? కాల్మన్ చెప్పిన మాటల్లోనే దీనికి పేరుంది, అబ్జర్వబిలిటీ. బయట పెట్టిన మీటర్ల రీడింగు చూసి లోపల ఏం జరుగుతోందో పూర్తిగా తెలుసుకోగలమా అన్నది ప్రశ్న. కొన్ని సిస్టమ్స్‌లో లోపల ఒక భాగం మీటర్లకి అసలు కనపడదు, అది నెమ్మదిగా పాడైపోతున్నా బయట ముళ్లన్నీ బాగానే ఉంటాయి. ప్రొఫెసర్ ఉద్యోగానికి పెట్టిన మీటర్లు ఏమిటో చూస్తే విషయం తేలిపోతుంది. 2010లో యూజీసీ ఏపీఐ స్కోరు అని పెట్టింది, పేపర్‌కి ఇన్ని, సెమినార్‌కి ఇన్ని, పుస్తకానికి ఇన్ని అని. తరవాత 2018లో మార్చారు, అయినా పేపర్ల లెక్క అక్కడే ఉంది. ఏడో పే కమిషన్ లెక్కన అసిస్టెంట్ ప్రొఫెసర్ బేసిక్ 57,700 దగ్గర మొదలవుతుంది, ప్రొఫెసర్‌ది 1,44,200 దగ్గర. మధ్యలో ఉన్న మెట్లు ఎక్కడానికి లెక్కకొచ్చేవి పేపర్లు, గైడ్ చేసిన పీహెచ్‌డీలు, ప్రాజెక్టులు. ప్రైవేటు కాలేజీల్లో జీతాలు చాలాచోట్ల దీనికి చాలా కిందే ఉంటాయి గానీ మీటర్లు మాత్రం అవే. ఒక ప్లాంటులో ఊగుతున్న లూపుని వెళ్లి సరిచేసి వస్తే అది ఏ మీటరుకీ కనపడదు. కంట్రోల్ చెప్పేవాళ్లకి ఇది అందరికన్నా బాగా తెలుసు, దేన్ని కొలుస్తారో అదే సెట్‌పాయింట్‌కి (ఉండాల్సిన అంకెకి) వస్తుంది, కొలవనిది దాని దారిన అది పోతుంది.

ఇంకో ఇబ్బంది ఆలస్యం. దీన్ని బ్లాస్ట్ ఫర్నేస్ దగ్గర చూస్తే బాగా అర్థమవుతుంది. పైనుంచి ఐరన్ ఓర్, కోక్ పొరలు పొరలుగా పోస్తారు, అవి కింద కరిగే చోటికి దిగడానికి ఆరు నుంచి ఎనిమిది గంటలు పడుతుంది. లోపల వేడి ఎంతుందో నేరుగా చూడలేరు, బయటికొచ్చిన హాట్ మెటల్‌లో సిలికాన్ శాతం చూసి అంచనా వేస్తారు, సిలికాన్ తగ్గితే ఫర్నేస్ చల్లబడుతోందని. ఎ షిఫ్టులో సిలికాన్ తగ్గింది, కోక్ కాస్త పెంచారు. రెండు మూడు గంటలైనా పెరగలేదు, పెరగదు, ఎందుకంటే ఆ కోక్ ఇంకా సగం దారిలోనే ఉంది. బి షిఫ్టు వాళ్లు వచ్చి చూసి, ఇంకా తక్కువే ఉందే అని మళ్లీ పెంచారు. సి షిఫ్టు వచ్చేసరికి రెండు మోతాదులూ వరసగా దిగి సిలికాన్ నెత్తికెక్కుతుంది. అనుభవం ఉన్నవాళ్లు ఈ తప్పు చెయ్యరు, కోక్ జోలికి పోకుండా ముందు బ్లాస్ట్ టెంపరేచర్, ఆవిరి లాంటి త్వరగా పనిచేసేవి కదుపుతారు, ఇంతకుముందు వేసింది ఎక్కడిదాకా వచ్చి ఉంటుందో మనసులో లెక్క పెట్టుకుంటారు. ఆ మనసులో లెక్కనే 1957లో ఓటో స్మిత్ ఈక్వేషన్‌గా రాశాడు, స్మిత్ ప్రెడిక్టర్ అంటారు. ఆలస్యం ఉన్న చోట ఓపిక అవసరమని పెద్దలు చెప్పేదానికి బ్లాక్ డయాగ్రం ఇది.

పాఠం చెప్పడం కోక్ పొయ్యడం లాంటిది. థర్డియర్‌లో చెప్పిన ఫేజ్ మార్జిన్ పదేళ్ల తరవాత ఎక్కడో ప్లాంటులో ఒకడికి అక్కరకొస్తుంది, ఆ సంగతి చెప్పినవారికి తెలియను కూడా తెలియదు. పేపరు ఆరు నెలల్లో వస్తుంది, స్కోరు వెంటనే పడుతుంది. రెండిట్లో ఏది కదుపుతారు ఎవరైనా? పైగా చెప్పిన పిల్లల్లో ఎక్కువమంది సాఫ్ట్‌వేర్‌కి పోతారు, కంట్రోల్‌లో ఏ ప్లస్ తెచ్చుకున్నవాళ్లు కూడా, అది వాళ్ల తప్పు కాదు, మొదటి జీతం తేడా అలా ఉంటుంది.

అయినా ఈ చదువు పట్టుకుని చాలా దూరం వెళ్లినవాళ్లు ఉన్నారు, దూరం అంటే అమెరికా అని కాదు. గుంటూరులో 1947లో పుట్టిన మాతుకుమల్లి విద్యాసాగర్ కెరీర్ చూస్తే ఈ సబ్జెక్టు స్వభావం తెలుస్తుంది. విస్కాన్సిన్‌లో 1969కి పీహెచ్‌డీ, కెనడాలో ప్రొఫెసర్ ఉద్యోగం, నాన్‌లీనియర్ సిస్టమ్స్ మీద ఆయన రాసిన పుస్తకం ఇప్పటికీ చదువుతారు. 1989లో ఆ హాయిని వదిలేసి బెంగళూరులో డీఆర్‌డీఓ వాళ్ల ఆర్టిఫిషియల్ ఇంటెలిజెన్స్, రోబోటిక్స్ కేంద్రానికి డైరెక్టర్‌గా వచ్చారు. 2000లో సాఫ్ట్‌వేర్ కంపెనీకి, టీసీఎస్‌కి. 2009లో మళ్లీ యూనివర్సిటీకి, ఈసారి క్యాన్సర్ డేటా మీద పని. 2012లో రాయల్ సొసైటీ ఫెలో. 2020లో కోవిడ్ సూపర్‌మోడల్ కమిటీకి అధ్యక్షుడు, ఆ మోడల్ సెకండ్ వేవ్‌ని ముందే పట్టుకోలేదని విమర్శలూ పడ్డారు. రోబో, సాఫ్ట్‌వేర్, కణం, వైరస్, ఇన్ని మారినా చేతిలో పనిముట్టు ఒకటే: బయటి కొలతలు చూసి లోపలి స్థితి ఊహించడం. కంట్రోల్‌కి సొంత బ్రాంచీ లేదని ఇందాక చెప్పిన లోటు ఇక్కడ లాభం. కాకపోతే ఒకటి గమనించాలి, ఇన్ని గోడలు దాటడానికి ఆయన ఎక్కడా ఒకే ఉద్యోగంలో ముప్ఫై ఏళ్లు ఉండలేదు. స్టేట్ యూనివర్సిటీ సర్వీసు రూల్స్‌లో అలా బయటికెళ్లి ప్లాంటులో రెండేళ్లు పనిచేసి తిరిగి రావడం పుస్తకంలో వీలే, చేసేవాళ్లు మాత్రం అరుదు.

ఇప్పుడు కౌన్సెలింగ్‌లో పిల్లలందరూ సీఎస్ఈ, ఏఐ అంటుంటే చాలా ప్రైవేటు కాలేజీల్లో ట్రిపుల్ఈ సెక్షన్లు తగ్గిపోయాయి, కంట్రోల్ ప్రొఫెసర్ చేతికి మెషీన్ లెర్నింగ్ సబ్జెక్టు ఇచ్చేస్తున్నారు. నిజానికి అది వాళ్లకి పరాయిది కాదు. రీఇన్ఫోర్స్‌మెంట్ లెర్నింగ్ అని ఇవాళ అందరూ చెప్పుకునేదాని వెన్నెముక 1950ల్లో బెల్మన్ రాసిన డైనమిక్ ప్రోగ్రామింగే, పాత ఆప్టిమల్ కంట్రోల్ నోట్సు దులిపితే సగం సిలబస్ బయటపడుతుంది. పేరు మారితే సీట్లు నిండుతాయంటే మార్చుకోవడంలో నష్టమేమీ లేదు.

ఇండస్ట్రీ వైపు చూస్తే కథ ఇంకా తలకిందులు. ప్రాసెస్ ప్లాంట్లలో తొంభై శాతానికి పైగా లూపులు ఇప్పటికీ ఆ చుక్కాని పీఐడీవే. రిఫైనరీల్లో దానికి పైన వాడే, ముందేం జరుగుతుందో మోడల్‌తో ఊహించి నడిపే మోడల్ ప్రెడిక్టివ్ కంట్రోల్ 1970ల చివర్లో పుట్టింది ప్రొఫెసర్ల చేతుల్లో కాదు, ఫ్రాన్స్‌లో రిషాలే, షెల్ కంపెనీలో కట్లర్, రామేకర్ లాంటి ఇంజనీర్ల చేతుల్లో. ముందు పనిచేసింది, అది ఎందుకు నిలకడగా ఉంటుందో నిరూపణలు రాయడానికి యూనివర్సిటీలకి ఇంకా చాలా ఏళ్లు పట్టింది.

ప్లాంటులో ఏ లూపు పాడైనా మొదట అనుమానించాల్సింది ఏమిటో ఇన్‌స్ట్రుమెంటేషన్ వాళ్లని అడిగితే ఒకే మాట చెప్తారు, వాల్వు. కంట్రోల్ వాల్వులో స్టెమ్ (వాల్వుని తెరిచి మూసే కడ్డీ) చుట్టూ గ్లాండ్ ప్యాకింగ్ ఉంటుంది, లీకు రాకుండా దాన్ని కాస్త గట్టిగా బిగిస్తే స్టెమ్ పట్టేస్తుంది. కంట్రోలర్ కొంచెం తెరువు అంటుంది, కదలదు. ఇంకొంచెం అంటుంది, కదలదు. గాలి ప్రెషర్ పెరిగి పెరిగి ఒక్కసారి జారి అవసరానికన్నా ఎక్కువ తెరుచుకుంటుంది. ఇప్పుడు మూయమంటుంది, మళ్లీ అదే వరస. ఫ్లో లూపైతే స్క్రీన్ మీద కంట్రోలర్ గీత రంపపు పళ్లలా, ఫ్లో గీత మెట్లు మెట్లుగా కనిపిస్తుంది. ట్యూనింగ్ బాగాలేదనుకుని పీఐడీ అంకెలు మారిస్తే ఊగే వేగం మారుతుంది తప్ప ఊగడం ఆగదు. లూపుని మాన్యువల్‌లో పెట్టి చూడాలి, ఊగడం ఆగిపోతే రోగం ఈ లూపులోనే ఉంది, ఆగకపోతే పక్క నుంచి వస్తోంది. ఎక్కువసార్లు ఆపరేటర్ చేసేదీ అదే, మాన్యువల్‌లో పెట్టేస్తాడు, కాకపోతే అలాగే వదిలేస్తాడు, ఆ లూపు నెలల తరబడి మాన్యువల్‌లోనే ఉండిపోతుంది.

ఒక సెమిస్టర్‌కి నలుగురు పిల్లల్ని వెంటబెట్టుకుని ఇలాంటి ఒక్క లూపు ట్రెండు డేటా తెచ్చుకుని కూర్చుంటే మంచి ప్రాజెక్టు అవుతుంది, ఇటలీ నుంచి కెనడా దాకా ఈ వాల్వు పట్టేయడం మీదే పీహెచ్‌డీలు చేసినవాళ్లున్నారు. దానికి కావలసింది గేటు పాసు, ప్లాంటులో పనిచేస్తున్న పాత స్టూడెంట్ ఒకడి ఫోన్ నంబరు, క్లాసు లేని ఒక మధ్యాహ్నం. మూడూ విశాఖలో దొరుకుతాయి. మధ్యాహ్నం దొరకడమే కాస్త కష్టం, ఆ రోజు అక్రిడిటేషన్ టీమ్ వస్తోందని మీటింగు పెడతారు.